భుజం మీదుగా

ఎనిమిదో మలుపు దాటాక గిల్బర్ట్ వోయ్టా చీపురు ఆపి, నడుం వంచి, నేలమీద మెరుస్తున్నదాన్ని అరచేత్తో తడిమాడు. బోల్టు కాదు, తడిసిన మేపుల్ ఆకు. దాన్నీ బకెట్లో వేసుకుని మళ్ళీ నడక మొదలుపెట్టాడు. కార్ల పందెం ఉన్న రోజున పొద్దున్న ఆరింటికల్లా అతను నాలుగు మైళ్ళ ట్రాకూ కాలినడకన ఊడ్చుకుంటూ వస్తాడు. ఊడ్చే లారీ ఉంది. దాన్ని నడపడానికి జీతం పుచ్చుకునేదీ అతనే. అయినా ఈ ఏడాది పందెం రోజుల్లో లారీ తియ్యలేదు. ట్రాకంటే ఆ మనిషికి ప్రాణమని ఆఫీసులో వాళ్ళు మెచ్చుకున్నారు. ప్రాణమే, కాదనను. లారీ తియ్యకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

అరవయ్యెనిమిదేళ్ళ మనిషి. పొడుగు, ఆ పొడుక్కి సిగ్గుపడుతున్నట్టు ముందుకి వంగిన భుజాలు. పెద్ద చేతులు, కణుపుల్లో ఎంత రుద్దినా వదలని గ్రీజు. తెల్ల యూనిఫారం ఎన్నిసార్లు ఇస్త్రీ చేసుకున్నా వెనక కాలరు మడతపడి లోపలికి పోతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. గేటు పక్కన రెండు గదుల కాపలా ఇంట్లో ఉంటాడు, అది ట్రాకు వాళ్ళది. తనదని చెప్పుకోవడానికి ఒక ఫ్లాస్కు, ఒక రేడియో, పందేల రోజుల్లో జెండా పట్టుకుని తొమ్మిదో పోస్టు దగ్గర నిలబడే రెండడుగుల చోటు. అంతే.

ఎడమ కన్ను పోయి మూడేళ్ళయింది. అప్పుడు పెద్దగా బాధపడలేదు, ఇంకోటి ఉంది కదా అనుకున్నాడు. పోయిన వేసవిలో కుడికంట్లో కూడా నడిమధ్యన బూడిదరంగు మరక మొదలైంది, ఈ ఏడు మంచు కరిగేసరికి ముదిరింది. చుట్టూ అన్నీ కనిపిస్తాయి, చూడాలనుకున్నది తప్ప. గడియారంకేసి చూస్తే గోడ ఉంటుంది, అంకెలుండవు. మనిషికేసి చూస్తే టోపీ, చెవులు, మధ్యలో చెరిపేసిన పలక. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు, ఇది తగ్గేది కాదని. జెండా మనుషులందరి చేతా ఏప్రిల్లో 'నా చూపు సరిగ్గా ఉంది' అని ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. గిల్బర్ట్ పెట్టాడు. గీత మీద కాకుండా గీతకి అంగుళం కింద పెట్టాడు. అదెవరూ పట్టించుకోలేదు.

ఈ రోజు సెప్టెంబరు ఆఖరి ఆదివారం. ఏడాదికి ఇదే చివరి పందెం. ఎవరికీ తెలియకుండా, ఎవరికీ ఏమీ కాకుండా ఈ ఒక్క రోజు గడిచిపోతే చాలని అతని ఆశ.

తొమ్మిదో మలుపు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం ఒక్క నిమిషం ఆగాడు. నిజానికి ఈ మలుపు మొదట గీసిన పటంలో లేదు. పూర్వం మా మార్ల్ హిల్‌లో కార్ల పందేలు ఊరి వీధుల్లోనే జరిగేవి. చర్చి ముందునుంచి, బీరు కొట్టు పక్కనుంచి, అడ్డానికి గడ్డిమోపులు పెట్టి. ఒక ఏడాది కారు జనంలోకి దూసుకుపోయి ముగ్గురు చనిపోయాక వీధుల్లో పందేలు కూడదన్నారు. అప్పుడు ఊరివాళ్ళు కంకర గుట్టల బీడు కొని, పందేలకి తప్ప ఇంకెందుకూ పనికిరాని రోడ్డు ఒకటి వేశారు, యాభై అయిదులో, ఒకే ఒక్క వేసవిలో. నేల చదును చేసే యంత్రం నడిపింది గిల్బర్ట్ తండ్రి. పటంలో ఇప్పటి ఎనిమిదో మలుపు నుంచి పదోదానికి తిన్నగా గీత ఉంది. సరిగ్గా ఆ గీత మీద భూమిలోంచి ఇల్లంత బండ బయటపడింది. మందు పెట్టి పేల్చినా పెచ్చులూడింది గానీ కదల్లేదు. ముసలి వోయ్టా ఎవర్నీ అడక్కుండా యంత్రాన్ని బండ చుట్టూ తిప్పేశాడు. ఇంజనీరు వచ్చి చెడామడా తిట్టి, సాయంత్రం తన కారు తెచ్చుకుని ఆ వంపులో మూడుసార్లు దిగి చూసి, ఇలాగే ఉండనివ్వండి అన్నాడట. ఇప్పుడు పుస్తకాల్లో దాన్ని ఇంజనీరు గొప్పతనంగా రాస్తారు. తరవాత మట్టిగట్లు పోయి ఇనప కమ్మీలొచ్చాయి. కమ్మీల తరవాత సిమెంటు గోడలు. ట్రాకంతా చూడ్డానికి కట్టిన చెక్క బురుజు ఉన్నచోట అద్దాల బురుజు లేచింది, మలుపులకి టైర్ల కంపెనీలు పేర్లు పెట్టుకున్నాయి. పద్నాలుగు మలుపుల్లో ఒక్కటీ చోటు మాత్రం మారలేదు. తొమ్మిదో దానికి వోయ్టా పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, గిల్బర్ట్ అడగలేదు.

ఏడున్నరకి జెండా మనుషులందరూ బురుజు కింద పోగయ్యారు. తెల్లబట్టలు, కాఫీ గ్లాసులు, అట్టపెట్టెల్లో డోనట్లు. వాళ్ళందరికీ పెద్ద డెరిక్ పావ్లాక్. నలభై నిండలేదు, మర్యాదస్తుడు. కాగితం చూసి ఆ రోజు పందేలు చదివి, చివర్న గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో మాటండీ. వచ్చే ఏడాదినుంచి సంతకం ఒక్కటే చాలదు. కళ్ళ డాక్టరిచ్చిన కాగితం తేవాలి. అందరూ."

"అందరూ అంటే నువ్వూనా?" అంది వెనకనుంచి ఆర్డిస్. "పోయిన నెల మా పోస్టుకి భోజనం పంపాలన్న సంగతే కనపళ్ళేదు నీకు."

అందరూ నవ్వారు. గిల్బర్ట్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆర్డిస్ థోర్స్‌రూడ్‌కి డెబ్భై ఒకటి. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. ముప్పయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపింది, అందుకే ఆ గొంతు. భర్త పోయిన ఏడాది ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడికొచ్చి తొమ్మిదో పోస్టులో నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా గిల్బర్ట్‌కి ఎదురుగా అక్కడే నిలబడుతోంది.

ఎదురుగా అన్నది మాటవరసకి అనడం లేదు. మా దగ్గర పోస్టుకి ఇద్దరు. ఒకరి చేతిలో పచ్చజెండా, అంటే పసుపుపచ్చది, ముందు ప్రమాదం ఉంది నెమ్మదించమని. ఇంకొకరి చేతిలో నీలం జెండా, వెనక వేగంగా వస్తున్నాడు దారి ఇమ్మని. గోడకి వదిలిన సందులో ఇద్దరూ మొహామొహీ, మూరెడు దూరంలో నిలబడతారు. ఆర్డిస్ వీపు వచ్చే కార్లకేసి ఉంటుంది. ఆమె అతని భుజం మీదుగా, మలుపు అవతల ఏం జరిగిందో చూస్తుంది. అతను ఆమె భుజం మీదుగా, ఆమె వెనకనుంచి ఏం వస్తోందో చూస్తాడు. వెనక ఎంత చప్పుడైనా తల తిప్పకూడదు. ఎదుటి మనిషి చూస్తున్నాడు కదా, అతను చెప్తాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది అదే, చాలామందికి చివరిదాకా రానిదీ అదే.

అలా ఇరవై తొమ్మిదేళ్ళు నిలబడి గిల్బర్ట్ ఆమె మొహాన్ని తిన్నగా చూసింది తక్కువ. ఆమె వెనక ఆకాశం, గుట్ట, గుట్ట మీది పైన్ చెట్లు అతనికి కంఠతా వచ్చు. ఇప్పుడు చూద్దామంటే ఆ మొహం ఉండవలసిన చోటే మరక.

అతను చూడకుండానే నెట్టుకొస్తున్నాడు. ఏ కారు ఎంత దూరంలో ఉందో ఇంజను హోరుని బట్టి పోల్చుకుంటాడు, అందుకోసం చెవుల్లో బిరడాలు పెట్టుకోవడం మానేశాడు. రాత్రిళ్ళు చెవుల్లో ఈల మోగుతుంది. మోగనీ అనుకున్నాడు.

ఈ ఏడాది ఇంకో సంగతి కూడా జరిగింది. దాన్ని అతను ఎవరితోనూ అనలేదు. మే నెలలో మొదటి పందెం రోజున ఆర్డిస్ బూటు కొస అతని బూటుకి తగిలింది. పొరపాటున తగిలిందనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ. గట్టిగా కాదు, తలుపు మీద వేలితో తట్టినట్టు ఒక్కసారి. తగిలించి ఏమీ ఎరగనట్టు అతని భుజం మీదుగా చూస్తూ ఉంటుంది. ఎప్పుడూ కార్లు మీదికి వచ్చే ముందే. ఆ హోరులో ఎవరూ గమనించరని కాబోలు అనుకున్నాడు. జూన్‌కల్లా దానికోసం ఎదురుచూడటం మొదలైంది. శనివారం సాయంత్రాలు బూట్లకి పాలిష్ పెట్టేవాడు. అరవయ్యెనిమిదేళ్ళొచ్చాక ఇదేం పిచ్చి అని తనని తానే తిట్టుకుని, రెండో బూటు కూడా మెరిసేదాకా రుద్దేవాడు.

"ఇటు తిరుగు ముసలోడా, కాలరు మళ్ళీ లోపలికి పోయింది," అంది ఆర్డిస్, పోస్టులో నిలబడి పది నిమిషాలైనా కాలేదు. చెయ్యి చాపి అతని మెడ వెనక కాలరు పైకి లాగింది.

ఎదురుగా నిలబడ్డ మనిషికి వెనక కాలరు ఎలా కనిపించిందో అతనికి అర్థం కాలేదు. ఆడవాళ్ళకి ఇలాంటివి తెలిసిపోతాయి కాబోలు అనుకున్నాడు. అతని వెనక కంచె స్తంభానికి ఒక గుండ్రటి అద్దం ఉంది, ఆమె నడిపిన పాత బస్సుది. మే నెలలో తనే తెచ్చి బిగించింది. స్క్రూలు అందిచ్చింది గిల్బర్టే.

"ఇదెందుకు?" అని అడిగాడు అప్పుడు.

"జుట్టు సర్దుకోడానికి."

"ఈ వయసులో ఎవరికోసం?"

"నీకెందుకోయ్? స్క్రూ ఇలా ఇయ్యి."

పొద్దుటి రెండు పందేలూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. ఆమె బూటు తగిలినప్పుడల్లా అతని ఒంట్లో ఏదో వెచ్చగా కదిలింది, నీలం జెండా దానంతట అదే లేచింది. మధ్యాహ్నం చర్చివాళ్ళ పొయ్యి దగ్గర్నుంచి బ్రాట్‌వర్స్టులు వచ్చాయి. కాల్చిన మాంసం, ఉల్లిపాయ, ఆవ ముద్ద. ఇద్దరూ గోడకి ఆనుకుని తిన్నారు. ఇంకో రెండు గంటలు, అనుకున్నాడు గిల్బర్ట్. తరవాత చలికాలం. వచ్చే ఏప్రిల్ సంగతి ఆలోచించలేదు. ఆలోచించడానికి అక్కడ ఏమీ లేదు.

ఆఖరిది పాత కార్ల పందెం. సగం అయ్యాక మలుపు అవతల ఒక కారు గింగిరాలు తిరిగి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. ఆర్డిస్ పసుపు జెండా ఎత్తి ఊపడం మొదలుపెట్టింది. పక్క గోడ వెనకనుంచి ఇద్దరు మనుషులు కారు దగ్గరికి పరుగెత్తారు. ఇక ఆమె చూపు వాళ్ళ మీదినుంచి కదలకూడదు. ఆమె వీపూ, రోడ్డు మీది ఆ ఇద్దరి ప్రాణాలూ గిల్బర్ట్ కళ్ళ మీద ఉన్నాయి.

మూడు కార్లు వచ్చాయి. విన్నాడు. నెమ్మదించి వెళ్ళిపోయాయి. తరవాత చప్పుడు లేదు. అతను ఆకాశంకేసి చూశాడు, ఆకాశంకేసి చూస్తే రోడ్డు అంచు కొంచెం తెలుస్తుంది కాబట్టి. ఏమీ లేదనిపించింది. ఎవరూ రావట్లేదని ఆమెకి చెప్పడానికి తలూపాడు.

ఇంజను చచ్చిపోయిన కారుకి చప్పుడు ఉండదు.

అతని కాలరు ఎవరో పట్టుకుని గుంజారు. పడ్డాడు. గోడ వెనక గడ్డిలో అతని మీద ఆర్డిస్ పడింది. సిమెంటుని ఇనుము గీరుకుంటూ పోయిన చప్పుడు, కాలిన నూనె వాసన, కంచె మొత్తం వణికింది. వాళ్ళు నిలబడ్డ సందులోంచి ఒక నీలం కారు దూరి, '9' అని రాసిన చెక్కపలకని విరగ్గొట్టుకుని గడ్డిలోకి జారి ఆగింది. డ్రైవరు తనే దిగి, హెల్మెట్ తీసి దాని మీదే కూర్చున్నాడు. రోడ్డు మీది ఇద్దరికీ ఏమీ కాలేదు.

రేడియోలో డెరిక్ గొంతు అరుస్తోంది. "తొమ్మిదీ! తొమ్మిదీ, మీరు బాగున్నారా?"

ఆర్డిస్ లేచి కూర్చుంది. మోకాలి దగ్గర బట్ట చిరిగి రక్తం కారుతోంది. రేడియో నొక్కి, "బాగున్నాం. ముందే చూశాం, తప్పుకున్నాం," అంది.

చూశాం. ఆ మాటకి గిల్బర్ట్ తల వాలిపోయింది.

"నీకు కనపళ్ళేదు కదూ," అంది రేడియో పక్కన పెట్టి.

"లేదు."

"అసలేం కనపడదు కదూ."

"పక్కన కొంచెం. మధ్యలో ఏమీ లేదు." తల వంచుకునే అడిగాడు. "ఎప్పట్నించి తెలుసు?"

"పోయినేడు ఆగస్టునించి. అవతలి దారిలో ఐస్‌క్రీము బండి పోతుంటే దానికి నీలం జెండా ఊపావు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అప్పుడే అద్దం సంగతి తోచింది. నువ్వు చూడకపోతే నేను చూసుకుంటాను కదా అనుకున్నా. ఇవాళ అవతల గొడవ చూస్తూ అద్దంలోకి చూడ్డం ఆలస్యమైంది. కొంచెంలో తప్పింది."

"మరి కాలు?" అన్నాడు. తన గొంతు తనకే వింతగా వినిపించింది. "కాలితో అలా..."

"బండొస్తోందని. నోటితో చెప్తే నీకు తెలిసిపోద్ది కదా, నాకు తెలుసని."

గిల్బర్ట్ చేత్తో కాళ్ళు తడుముకున్నాడు. పాలిష్ పెట్టిన బూట్లకి మట్టి అంటుకుంది. ఐదు నెలలుగా తను ఏమనుకుంటున్నాడో ఆమెకి చెప్పడం కంటే ఆ కారు కింద పడిపోవడమే సుఖంగా ఉండేదనిపించింది. ఎంత వెర్రివాడు. ఆమె అతన్ని కాపాడుతుంటే అతను బూట్లు తుడుచుకుంటున్నాడు.

"నేను వెళ్ళి డెరిక్‌కి చెప్తాను," అన్నాడు.

"పందెం అయ్యాక చెబుదువుగాని. లే. పోస్టు ఖాళీగా ఉంది."

మళ్ళీ నిలబడ్డారు, మొహామొహీ. మిగిలిన పందెమంతా ఆమె బూటు తగులుతూనే ఉంది. తగిలిన ప్రతిసారీ అతను నీలం జెండా ఎత్తాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

నాలుగున్నరకి పందెం ముగిసిందని గళ్ళజెండా ఊపారు. గిల్బర్ట్ బురుజు మెట్లెక్కి, తన ఈల, నీలం జెండా డెరిక్ బల్ల మీద పెట్టాడు.

"ఏప్రిల్లో పెట్టిన సంతకం అబద్ధం బాబూ. నాకు చూపు లేదు. ఇవాళ ఆర్డిస్‌ని చంపేసేవాణ్ణి."

డెరిక్ ఆ జెండాని చుట్టి పక్కన పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాడు గిల్బర్ట్. తిడితే బాగుండేది.

"లారీ కూడా ఇక నడపకూడదేమో కదండీ," అన్నాడు చివరికి, తప్పు తనదైనట్టు.

"నడపను."

"ఇల్లు... తొందరేం లేదు. వచ్చే నెలాఖరు దాకా..."

"వారం చాలు."

అద్దాల్లోంచి ట్రాకు మొత్తం కనిపిస్తుందంటారు అక్కణ్ణుంచి. అతనికి వెలుతురే కనిపించింది.

కింద ఆర్డిస్ తన కారు పక్కన నిలబడి ఉంది, మోకాలికి కట్టుతో. జనం వెళ్ళిపోయారు. ఎండ గుట్ట మీదికి పోయింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"నేనూ వచ్చే ఏడు రావట్లేదు గిల్. మోకాలు ఎలాగూ అయిపోయింది. మా అక్క రమ్మని గోలపెడుతోంది, అరిజోనాకి. అక్టోబరులో వెళ్ళిపోతున్నా. నిజానికి పోయినేడే వెళ్ళాల్సింది."

పోయినేడు ఎందుకు వెళ్ళలేదని అడగాలని తోచలేదు అతనికి. అలాంటివి అతనికి సమయానికి తోచవు, ఎప్పుడూ తోచలేదు.

"వెచ్చగా ఉంటుందట అక్కడ," అన్నాడు.

"ఆఁ. వెచ్చగానే ఉంటుంది." ఆమె దగ్గరికొచ్చి అతని మెడ వెనక చెయ్యి వేసి కాలరు పైకి లాగింది. కాసేపు అలాగే నిలబడింది. ఆమె మొహం మూరెడు దూరంలో ఉంది, అతనికి టోపీ కనిపించింది, చెవులు కనిపించాయి.

ఆమె బూటు కొస అతని బూటుకి తగిలింది. ఒక్కసారి.

అతను చటుక్కున తలెత్తి ఆమె భుజం మీదుగా చూశాడు. చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ రావట్లేదు.

"ఏదీ?" అన్నాడు.

"ఏం లేదులే," అంది ఆర్డిస్. కారెక్కి తలుపు వేసుకుంది.

కారు చప్పుడు గేటు దాటి, కంకర రోడ్డు దాటి, పెద్ద రోడ్డెక్కేదాకా విన్నాడు. చప్పుడు పూర్తిగా పోయాక గానీ అతనికి అర్థం కాలేదు. బండేదీ రావట్లేదు. రాలేదు. మరి కాలెందుకు తగిలించింది? ఊరికే ఎవరూ అలా తగిలించరు. ఫోను చెయ్యొచ్చు. చేసి ఏమనాలి? ఇరవై తొమ్మిదేళ్ళు మూరెడు దూరంలో నిలబడి చెప్పలేని మనిషి ఫోనులో చెప్తాడా? ఆ దారి మధ్యలో ఒంటరిగా నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గిల్బర్ట్ వోయ్టా ఏడ్చాడు.

వెలుతురు ఉండగానే తొమ్మిదో పోస్టుకి నడిచి వెళ్ళాడు. విరిగిన పలక ముక్కలు ఏరి గోడవార పెట్టాడు. అద్దం ఆమెదే, తీసి పంపిద్దామని స్క్రూ మీద వేలు పెట్టాడు గానీ, ముందోసారి ఆమె నిలబడే చోట నిలబడి చూడాలనిపించింది. నిలబడి, అద్దం పక్కకి చూశాడు, పక్కకి చూస్తేనే కనిపిస్తుంది కాబట్టి. అద్దంలో ఒక సగంలోనే రోడ్డు ఉంది. కాస్త కుడికి తిప్పి ఉంటే రోడ్డంతా వచ్చేది, ముప్పయ్యారేళ్ళు అద్దాల్లో చూసి బస్సు నడిపిన మనిషికి ఆమాత్రం తెలియక కాదు. రెండో సగంలో ఖాళీ గాలి, అతని తలా మెడా భుజాలూ ఉండే చోటు.

స్క్రూ విప్పలేదు.

వారంలో ఇల్లు ఖాళీ చేసి, ఉత్తరాన మేనల్లుడి ఇంటికి వెళ్ళిపోయాడు. క్రిస్మస్ ముందు ఒక పొద్దున్న నిద్రలోనే పోయాడని ఆఫీసుకి కబురొచ్చింది. తొమ్మిదో పోస్టుకి కొత్త పలక వేశారు, కొత్త మనుషులొచ్చారు. అద్దాన్ని రోడ్డుకేసి సరిగ్గా తిప్పుదామని వాళ్ళు చూశారట గానీ, అది అదే కోణంలో తుప్పుపట్టి బిగుసుకుపోయింది, సగం రోడ్డుకీ సగం ఒక మనిషి వీపుకీ చోటిచ్చి.